మంచం కింది పెండ్లికొడుకు

దొంగతనమంటే తనది కానిది తీసుకోవడం. ఇది మా ఇంటిదే, మా తాతల నాటిది, కాబట్టి ఇది దొంగతనం కాదు. మరి ఇంటిదే అయితే దుప్పట్లో చుట్టి ఎందుకు తెచ్చాను, అనే దగ్గర జహంగీర్ ఆలోచన పొద్దున్నుంచీ ఆగిపోయి ఉంది. ఇబ్రహీంపట్నంలో, పీరీల పండుగకు ముందురోజు, పక్కింటి ఇంద్రమ్మ వెనక గదిలో అతను మంచం మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. ఇంద్రమ్మ చేతిలో చీపురు ఉంది.

"కాళ్లు మీదనే ఉన్నయి గద పెద్దమ్మా. ఇంకెక్కడికి తియ్యాలె?"

"కాళ్లు కాదు బిడ్డా, నువ్వే లెవ్వు. మంచం కింద ఊడుస్త."

"ఊడ్సకు. మంచిగనే ఉన్నది."

"మంచిగున్నదని నీకెట్ల తెలుసు? రెండేండ్లాయె నా ఇంట్ల అడుగు పెట్టక. గడ్డం పెంచినంక ఇదే మొదలు. వచ్చుడు వచ్చుడే మంచమెక్కినవ్."

"రావద్దా?"

"ఎందుకు రావద్దు? రా. కని తాళమేసిన ఇంట్లకు గోడ దుంకి వచ్చినవ్ సూడు, గదొక్కటే జర కొత్తగున్నది."

"నువ్వు నీ బిడ్డ నర్మద కాడికి పోయినవనుకున్న."

"నేను లేననుకొని నన్ను చూడనీకి వచ్చినవా?"

"పెద్దమ్మా, తలకాయ నొస్తున్నది. రాత్రంత డ్యూటీ. జరసేపు పండుకుంట."

"పండుకో. నువ్వు మీద పండుకో, నేను కింద ఊడుస్త. ఎవరి పని వాళ్లది... అగో! చీపురుకు పచ్చగుడ్డ వచ్చింది."

"నా రుమాలు."

"జరీ అంచు రుమాలా? ఆఫీసుల ఇచ్చిండ్రా?"

"అవ్."

"దాని ఎన్క ఎండుకొబ్బరి కుడుకల దండ గూడ వచ్చింది. అది గూడ ఆఫీసుల ఇచ్చిండ్రా?"

"అవ్, అది గూడ."

"ఊదు వాసనొస్తున్నది జాంగీరూ."

"అత్తరు."

"అత్తరు నాకు తెల్వదా? అయ్యో... అయ్యో నా తల్లీ! చీపురు తాకిందిరా! తప్పైంది ఖాసిం సాబూ, తప్పైంది, ముసలిదాన్ని, కండ్లు కనవడవు, ఇగో లెంపలేసుకుంటున్న..."

"లెంపలేసుకోకు పెద్దమ్మా! అది కట్టె, ఇత్తడి, గుడ్డ. దాన్ల ఏం లేదు."

"మెల్లగ మాట్లాడు. ఇంటడు."

"ఎవరు ఇంటరు?"

"కింద పండుకున్నాయన."

"పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత, ఎవ్వరికీ చెప్పకు."

"ఎవ్వరికీ మొక్కొద్దని నువ్వే అంటవ్, నా కాళ్లెందుకు మొక్కుతవ్? చెప్పనీకి ఎవ్వరు మిగిలిండ్రు? బోరింగు కాడ అందరికీ తెలుసు. నీ నోట చెప్తవేమోనని సూస్తున్న. అందుకే ఊడుస్తున్న."

"అందరికీ తెలుసా? ఎవరు చెప్పిండ్రు?"

"ఈదమ్మ."

"ఆమె చర్చికి పోతది గద!"

"పోతే? చర్చికి పోయేటోళ్లకు కండ్లుండయా? అది సరే. మీ తాత మోసిన పీరీ, మీ నాయన మోసిన పీరీ. పెండ్లికొడుకు పీరీ. పెండ్లి గాని పిల్లలందరు ఆయనకే మొక్కుతరు. అసొంటాయనను దుప్పట్ల చుట్టి నా మంచం కింద తోసుడేందిరా?"

"రేపు సఫూరా వాళ్ల నాయన వస్తుండు."

"ఎవరు, నీకు మాట్లాడుతున్న పిల్లా?"

"అవ్. హాజీ సాబ్ మస్తు పట్టింపు మనిషి. ఇల్లు చూడనీకి వస్తుండు. పీరీలు లేపే ఇంట్ల పిల్లనియ్యనన్నడు. నేనేమో మా ఇంట్ల పీరీలు బందైనయని చెప్పిన."

"ఎప్పుడు బందైనయి?"

"ఈయేల పొద్దుగాల."

"ఓహో."

"ఖాసిం పీరీ లేస్తేనే తక్కినయి లేస్తయి గద. ఈయన లేకపోతే పండుగే లేదు. అబ్బా నిన్న మంచాల ఊరికి పోయిండు, అత్తమ్మ కాడికి. పొద్దుగాల నమాజు చేసిన, పీరీలుండే కొట్టంలకు పోయిన, ఎత్తిన, తెచ్చిన. గంతే."

"గంతేనా?"

"గంతే."

"ఎగిరినవంట గద."

"ఎగురలే. తూలిన."

"ఎంత దూరం తూలినవ్?"

"జరంత."

"ఈదమ్మ గడప కాడికెంచి కిష్టా హోటల్ దాక తూలినవంట. ఆడికెంచి మళ్ల ఎనుకకు తూలినవంట."

"బరువు పెద్దమ్మా! మస్తు బరువు. మోసినోనికి తెలుస్తది. ముందుకు గుంజుతది, ఎనుకకు గుంజుతది."

"గుండ్రంగ తిరిగినవంట."

"పక్కకు గూడ గుంజుతది."

"నవ్వినవంట."

"చలికి పండ్లు కొట్టుకున్నయి."

"కిష్టా చాయ గ్లాసులు పక్కకు పెట్టి దండం పెట్టిండంట."

"వాడు బస్సుకు గూడ దండం పెడతడు. నేను సక్కగనే వస్తుంటి. ఆ ఈదమ్మ అడ్డమొచ్చి బిందెడు నీళ్లు నా కాళ్ల మీద పోసింది. గా చలిల! ప్యాంటంత తడిసింది. 'ఖాసిం సాబూ, నా బిడ్డ లాస్యకు పెండ్లి ఎప్పుడైతది' అన్నది. నేనేమనాలె? తొవ్వ ఇడువదాయె. 'అయితది పో' అన్న."

"వారంల అన్నవంట."

"ఏదో నోటికొచ్చింది."

"గొంతు నీది కాదంట."

"జలుబు."

"గంట కింద పెద్ద అంబర్‌పేట్ నుంచి వాళ్లకు ఫోనొచ్చింది. పిలగాడు ఐతారం చూడనీకి వస్తుండంట."

"ఆఁ?"

"నోరు మూసుకో బిడ్డా, ఈగ పోతది."

"అది... అది అల్లా రాసింది."

"అల్లానే రాసిండు. నేను కాదంటున్ననా? ఎవరి నోట పలికిచ్చిండని అడుగుతున్న. ఈదమ్మ అయితే వాడంత తిరుగుతున్నది. రేపు ఖాసిం సాబ్‌ను, పీరీలు చూసుకునే ముజావర్ కొడుకే మోస్తడంట అని."

"నేనెందుకు మోస్త?"

"కొట్టం గడప దాటిచ్చినోడే ఆ యేడు మొయ్యాలె. దించేదాక ఇంకో చెయ్యి పడొద్దు. నీకు తెల్వదా?"

"తెలుసు."

"తెలిసి ఎట్ల ఎత్తినవ్?"

"యాదికి రాలే! నేను బంద్ చేద్దామని ఎత్తిన గద, మోద్దామని ఎత్తలే గద!"

"గది నాకు చెప్పకు. రేపు నిప్పుల గుండం కాడ ఊరంత నిలవడతది, వాళ్లకు చెప్పు."

"నవ్వకు పెద్దమ్మా."

"నవ్వుతలే. చలికి పండ్లు కొట్టుకుంటున్నయి."

"నీకు నవ్వులాట. నాకు కాదు. హుస్సేన్ సాబ్ ఎట్ల పోయిండో తెలుసా నీకు? నీళ్లు లేక. నది కండ్ల ముంగట పారుతుంటే, చిన్న పిల్లలతోటి, దూప తోటి పోయిండ్రు. ఈ ఖాసిం గూడ గంతే, మీసం గూడ రాని పిలగాడు. మీరేమో వాళ్ల పేరు మీద కల్లు తాగుతరు, పులి వేషం కడతరు, డప్పు కొట్టుకుంట గుండం చుట్టూ ఎగురుతరు. చిన్నప్పటి సంది నాకు సిగ్గు. అబ్బా కుడుకలేసుకొని ఊగుతుంటే బడిల ఎవ్వరికీ మొఖం చూపియ్యకపోదును. ఇప్పుడు సదివిన, తెలుసుకున్న. అల్లాకు తప్ప ఎవ్వరికీ వంగొద్దు. గింతే నా మాట. తప్పా ఇది?"

"తప్పు కాదు."

"మరి?"

"దూప తోటి పోయిండని నాకు ఇంత సరింగ ఎవ్వరూ చెప్పలే బిడ్డా. మా అత్త బిందె పట్టుకొని పోయేది, ఆమె ఎన్క నేనూ పోయిన. కాళ్ల మీద నీళ్లెందుకు పోస్తున్నమని అడుగలే. అందుకేనా మరి?"

"ఏమో. నేను సదివిన దాంట్ల అయితే లేదు."

"సదివిన దాంట్ల లేకుంటే పోనీ. దూప ఉన్నోనికి నీళ్లు పోసినం గద, తెల్వకనే పోసినా."

"కాళ్ల మీద పోస్తే దూప తీరదు పెద్దమ్మా."

"నోట్ల పోద్దామంటే నోరేది? కట్టె గద అన్నవ్."

"నీతోటి మాట్లాడుడే తప్పు."

"రెండేండ్లు మాట్లాడకుంట సూసినవ్ గద, ఏం బాగుపడ్డవ్? మీ ఇంట్ల టీవీ బయట పెట్టినవ్. మీ అమ్మ రోజు నా ఇంటికొచ్చి సీరియల్ సూస్తున్నది. నువ్వొచ్చే టైముకు పరుగు పెడతది, ఒక్కనాడు గూడ ఆఖరు దాక సూడలే పాపం. రోజు నేనే మిగిలిన కథ చెప్పాలె."

"అమ్మనా?"

"నేనేం చెప్పలే. నువ్వేం ఇనలే. అది సరే గని, ఆఫీసుల నీ పేరు మార్చిండ్రంట నిజమేనా?"

"ఫోన్ల మాట్లాడనీకి. అవుతల దొరలకు జహంగీర్ అంటే నోరు తిరగదని కెవిన్ అని పెట్టిండ్రు."

"నువ్వు తిరిగే మసీదు జమాతుల గూడ మార్చిండ్రంట."

"జహంగీర్ దర్గా పేరు, మొక్కుకొని పెట్టిన పేరు, బాగలేదన్నరు. అబ్దుర్ రహీం అంటరు."

"రాత్రంత కెవిన్, పొద్దుగాల అబ్దుర్ రహీం, ఈదమ్మకు ఖాసిం సాబ్. జాంగీరు ఎప్పుడుంటడు బిడ్డా? ఆయనతోటి నాకు జర పనున్నది."

"ఏం పని?"

"మంచం మీదికెంచి లెవ్వమని చెప్పాలె. నీ జేబు మోగుతున్నది సూడు."

"సఫూరా!"

"ఎత్తు. నేను చెవులు మూసుకుంట. ఒక్క చెవి."

"వాలేకుం సలాం... హాఁ జీ... ఇంట్లనే. కాదు, పెద్దమ్మ ఇంట్ల... మంచం మీద... ఊరికెనే... ఏంది? ఈయేలనా? రేపన్నరు గద!... తుర్కయాంజాల్ దాటిండ్రా?... లేదు లేదు, సంతోషమే. గొంతు మంచిగనే ఉన్నది... బందైనయి. చెప్పిన గద, బందైనయి... నవ్వకు... సరే. ఖుదా హాఫిజ్."

"ఏమైందిరా?"

"హాజీ సాబ్ రేపు కాదంట. ఈయేలనే బయలెల్లిండంట. తుర్కయాంజాల్ దాటిండంట."

"పిల్ల నవ్విందా?"

"నవ్వింది."

"దేనికి?"

"పీరీలు బందైనయా, అయ్యో, నేను ఒక్కసారి సూద్దామనుకున్న, అన్నది. నాయనకు చెప్పకు అన్నది."

"ఈ పిల్ల నాకు నచ్చింది."

"పెద్దమ్మా! అరగంటల ఆయన ఈడుంటడు. బజారుల దిగుడు దిగుడే ఎవరో ఒకరు చెప్తరు, మీ అల్లుడు పొద్దుగాల మస్తు ఎగిరిండని. ఏం చెయ్యాలె? దీన్ని మళ్ల కొట్టంల పెట్టొస్తవా? నీ పుణ్యముంటది."

"ఇంకో చెయ్యి పడొద్దన్న గద. నువ్వే తీసుకపో."

"నేను ఎత్త."

"ఎందుకు? కట్టె గద. ఇత్తడి, గుడ్డ. దాన్ల ఏం లేదు గద."

"ఎత్త అన్న గద!"

"గట్టిగ అరవకు. ఇటు సూడు. ఈడ ఎవ్వరూ లేరు, నేనూ నువ్వూ. నిన్ను ఈ చేతులతోటి ఎన్నిసార్లు కడిగిన. ఏమైంది పొద్దుగాల?"

"ఏం కాలే."

"జాంగీరూ."

"ఏం కాలే అంటున్న గద."

"సరే."

"ఎగిరిన పెద్దమ్మా."

"ఊఁ."

"తూలలే. ఎగిరిన. భుజం మీద పెట్టుకొని నాలుగు అడుగులేసిన. ఇంక కాళ్లు నా మాట ఇనలే. కడుపుల ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టయింది. ఆగుదామని చూసిన, ఆగుదామంటేనే ఇంక నవ్వొచ్చింది. నవ్వొద్దని నాకెవ్వరూ చెప్పలే, కని రెండేండ్ల సంది రాకుండె. ఆఫీసుల నవ్వు మా డ్యూటీ, అది నవ్వు కాదు. ఇది ఎటుకెంచి వచ్చిందో తెల్వది. ఈదమ్మ నీళ్లు పోస్తే పానం లేచొచ్చింది. చలి పెట్టలే పెద్దమ్మా. ప్యాంటు తడిసిందని గూడ తర్వాతనే సూసుకున్న."

"మరి భయమెందుకురా?"

"భయం కాదా? దాన్ల ఏం లేదని పదిమందికి చెప్పిన. అబ్బా మొఖం మీద చెప్పిన. నిజంగనే ఆయన దాన్ల ఉన్నడనుకో. నన్ను పట్టి ఎగిరిచ్చిండనుకో. అప్పుడు నేను సదివిందేంది? నా నమాజేంది? హాజీ సాబ్ ముంగట ఏ మొఖం పెట్టుకొని కూసోవాలె? అందుకే మంచం దిగుతలేను. దిగితే మళ్ల దాని దిక్కు చెయ్యి పోతదేమోనని."

"ఆగాగు. బయట ఎవరో పిలుస్తుండ్రు... మీ నాయన గొంతే. దుప్పటి కిందికి గుంజు."

"అల్లా!"

"రా నన్నేసాబ్ అన్నా, రా. బస్సు దిగి ఇటే వచ్చినవా?"

"ఇటే వచ్చిన చెల్లె. ఇంటికింక పోలే. జరంత చింతపండు ఉంటె ఇయ్యి. ఖాసిం సాబ్‌ను తోముకోవాలె."

"ఎవరిని?"

"ఖాసిం సాబ్‌ను. మొఖమంత నల్లగైంది, కొలిమిల పెట్టిండ్రు గద."

"ఏ ఖాసిం సాబ్ అన్నా?"

"ఎందరున్నరు చెల్లె? ఇగో, సంచిల. మంచాల కాడ కంచరాయనతోటి అతుకు పెట్టిచ్చిన. పోయిన యేడు దించేటప్పుడే మీది ఇత్తడి పంజా మొదట్ల పగిలింది. నాలుగు దినాల కిందనే ఇచ్చొచ్చిన, అప్పటి సంది కొలిమి కాడనే ఉన్నడు, నిన్న తేనీకి పోయిన. బస్సుల ఒడిల పెట్టుకొని తెచ్చిన, కిటికీ పక్కపొంటి సీటు దొరికింది. మనోడు ఈడున్నడా? ఏందిరా, ఆ మంచం మీద గట్ల ముడుసుకున్నవ్? జరమా?"

"అబ్బా."

"ఏంది?"

"సంచి తెరువు."

"నీకెందుకు? నువ్వు ముట్టవ్ గద."

"ముట్ట. తెరిచి సూపియ్యి."

"ఇగో. సూసుకో. అతుకు కనవడతలేదు గద? పనోడు మంచోడు."

"మరి కొట్టంల నిలవెట్టింది?"

"అదా? వెదురుకట్టె. జాగ బోసిగుండొద్దని పాత దట్టీ గుడ్డలు మీదికెంచి కిందిదాక చుట్టి, ఓ కుడుకల దండేసి నిలవెట్టి పోయిన. చెల్లె, ఎవ్వరికీ చెప్పకు, పండుగ ముంగట జనం పరేషానైతరు."

"మస్తు బరువంట గద అన్నా అది?"

"ఏది, వెదురా? మేకలకు ఆకు దులిపే కట్టె. ఒక్క చేత్తోటి ఎత్తుతరు. ఎవరన్నరు బరువని?"

"ఎవ్వరో. మోసినోనికి తెలుస్తది గద."

"అబ్బా, పొద్దుగాల... ఆ కట్టెల... ఏం లేకుండెనా?"

"ఏముంటది?"

"ఏం లేకుండెనా?"

"చెప్తున్న గద, ఖాసిం సాబ్ నా తోటి మంచాలల ఉన్నడు. వీనికి నిజంగనే జరమొచ్చినట్టుంది చెల్లె, చెయ్యి పెట్టి సూడు."

"జరం లేదు గిరం లేదు. జాంగీరూ, ఇన్నవా? ఇంక నీకేం ఫికర్? నీ మాటే నిలవడ్డది. కట్టె, గుడ్డ. దాన్ల ఏం లేదు. నిన్నెవ్వరూ పట్టలే. రేపు మోసే పని గూడ లేదు, నువ్వు దాటిచ్చింది పీరీనే కాదాయె. నేనే పిచ్చిదాన్ని, వెదురుకట్టెకు లెంపలేసుకున్న."

"అవ్. ఏం లేదు."

"ఏందిరా నవ్వుతున్నవ్?"

"నవ్వుతలే అబ్బా."

"నవ్వుతుండు చెల్లె. వీడు నవ్వి ఎన్ని దినాలైంది!"

"నవ్వనీయన్నా. ఈదమ్మకు నేను చెప్పుకుంట, ఎగిరింది ఖాసిం సాబ్ కాదు, కట్టె ఎగిరిందని."

"ఏ కట్టె? ఎవరు ఎగిరిండ్రు? నాకు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

"కట్టె ఎగురలే పెద్దమ్మా."

"మరి?"

"దాన్ల ఎవ్వరూ లేకుండె గద. ఎవ్వరూ నన్ను పట్టలే గద. ఎగిరింది నేనే. అంత నేనే. నవ్వు గూడ నాదే."

"అగో, కారు హారను. మీ గేటు కాడనే ఆగింది అన్నా. హాజీ సాబ్ వచ్చినట్టున్నడు."

"హాజీ సాబా? ఈయేలనా? నా సంచి... చెల్లె, ఈ సంచి ఎక్కడన్న పెట్టు. వీని ముచ్చట చెడిపోవద్దు, వాడు బందైనయని చెప్పుకున్నడు పాపం, నాకు తెలుసు. లెవ్వురా జాంగీరూ, మంచం దిగు. ఎదురు పో. సలాం చెప్పు."

"నువ్వే పో అబ్బా. మా ఇంట్ల పీరీలు ఉన్నయని చెప్పి కూసోవెట్టు. నేనొస్త. పెద్దమ్మా, ఆ తలుపు జర దగ్గరికెయ్యి. మంచం కింద కట్టె అందుతలేదు, ఇటు తొయ్యి. ఇంకొక్కసారి ఎత్తి సూస్త."